సౌర ఛార్జ్ కంట్రోలర్

సౌర ఛార్జ్ కంట్రోలర్ అనగా సౌర ఫలకానికీ బ్యాటరీకీ మధ్య ఉండి, ఫలకం నుండి బ్యాటరీలోకి చేరే విద్యుత్తును అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరం. దీనిని ఛార్జ్ రెగ్యులేటర్ అని కూడా వ్యవహరిస్తారు. సౌర ఫలకాన్ని వరంగల్లు ప్రాంతంలో సాధారణంగా సోలార్ ప్లేటు అంటారు. ఇళ్ళలోని సోలార్ ఇన్వర్టర్లలోను, పల్లెల్లోని సౌర వీధి దీపాలలోను, అడవి పందుల బెడద ఉన్న పొలాల చుట్టూ వేసే సౌర కంచెలలోను, నివాసానికి అనువుగా మార్చిన వ్యాన్లు, బస్సులలోను ఈ పరికరం ఉంటుంది. బ్యాటరీ లేకుండా నేరుగా గ్రిడ్‌కు కలిపే వ్యవస్థలలో దీని అవసరం లేదు. కాబట్టి 2022లో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టిన రామగుండం 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం వంటివి ఈ వ్యాసపు పరిధిలోకి రావు.

ప్రస్తుతం విరివిగా వాడుకలో ఉన్న కంట్రోలర్లు రెండు రకాలు. మొదటిది పి.డబ్ల్యు.ఎమ్. (పల్స్ విడ్త్ మాడ్యులేషన్) రకం, రెండవది ఎమ్.పి.పి.టి. (మాక్సిమమ్ పవర్ పాయింట్ ట్రాకింగ్) రకం. రెండవదాని వెల మొదటిదానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఎమ్.పి.పి.టి. వాడితే 30 శాతం అదనపు విద్యుత్తు లభిస్తుందని ప్రకటనలలో తరచు కనిపిస్తుంది. ఆ అంకె ప్రయోగశాలలో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన ఫలకానికి వర్తిస్తుంది. వరంగల్లు ఎండలో ఆ లెక్క చాలా మారుతుంది. ఎలా మారుతుందో కింద వివరంగా చూద్దాం.

కంట్రోలర్ ఎందుకు అవసరం

12 వోల్టుల బ్యాటరీకి వాడే సాధారణ ఫలకంలో 36 సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి. ఎండలో దేనికీ కలపకుండా ఉంచితే ఇటువంటి ఫలకం 21 లేక 22 వోల్టులు చూపుతుంది. సీసం–ఆమ్లం బ్యాటరీకి మాత్రం 14.4 వోల్టుల ప్రాంతంలోనే ఛార్జింగు పూర్తి కావస్తుంది. ఆ పైన కూడా ఫలకం విద్యుత్తును నెడుతూనే ఉంటే బ్యాటరీలోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. నీటిమట్టం తగ్గి పలకలు బయటపడి పాడవుతాయి. హైడ్రోజన్ మండే వాయువు కనుక మూసిన గదిలో, మూసిన వాహనంలో అది ప్రమాదం కూడా.

దీనికి వ్యతిరేకమైన నష్టం మరొకటి ఉంది. బ్యాటరీ ఎన్నడూ పూర్తిగా నిండకుండా సగంలోనే వారాల తరబడి ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి పేరుకుంటుంది. దీనినే సల్ఫేషన్ అంటారు. ఇలా గట్టిపడిన భాగం మళ్ళీ విద్యుత్తును నిల్వ చేయదు. నాలుగైదేళ్ళు రావలసిన ట్యూబులర్ బ్యాటరీ రెండేళ్ళకే మూలపడటానికి ఈ రెండు కారణాలలో ఏదో ఒకటి ఉంటుంది. చాలా సందర్భాలలో తప్పు బ్యాటరీది కాదు, దాన్ని పోషించే కంట్రోలర్‌ది. మొత్తం వ్యవస్థలో కంట్రోలర్ చిన్న వస్తువే. కాని అన్నిటికంటే త్వరగా అరిగిపోయే ఖరీదైన వస్తువు, అనగా బ్యాటరీ, దీని చేతిలోనే ఉంటుంది.

కంట్రోలర్ చేసే మూడవ పని రాత్రివేళ బ్యాటరీ నుండి ఫలకంలోకి విద్యుత్తు వెనక్కి పోకుండా ఆపడం. దీపాలకు, ఫ్యానుకు కూడా కంట్రోలర్ ద్వారానే తీగ ఇచ్చినప్పుడు, బ్యాటరీ మరీ దిగిపోకముందే వాటిని ఆపివేయడం నాల్గవది.

ఛార్జింగు దశలు

మంచి కంట్రోలర్ ఏ రకానిదైనా సీసం–ఆమ్లం బ్యాటరీని మూడు దశలలో నింపుతుంది. మొదటి దశలో ఫలకం ఇవ్వగలిగినదంతా బ్యాటరీలోకి పంపుతుంది (బల్క్). వోల్టేజి 14.4 ప్రాంతానికి చేరాక, దాన్ని అక్కడే నిలిపి కరెంటును క్రమంగా తగ్గిస్తుంది (అబ్సార్ప్షన్). నిండిన తరువాత 13.5 నుండి 13.8 వోల్టుల మధ్య ఉంచి, దానంతట అది కోల్పోయే కొద్దిపాటి ఛార్జిని పూరిస్తుంది (ఫ్లోట్). నీళ్ళు పోసే రకం బ్యాటరీలకు అప్పుడప్పుడు 15 వోల్టులకు పైగా కొంతసేపు ఇచ్చి సెల్లులన్నిటినీ సమం చేసే నాల్గవ దశ కూడా ఉంటుంది. దీనిని ఈక్వలైజేషన్ అంటారు. నీళ్ళు పోయడానికి వీలులేని సీల్డ్ బ్యాటరీలకు ఇది చేయరాదు.

పైన చెప్పిన వోల్టేజిలన్నీ 25 డిగ్రీల వద్ద వర్తించేవి. బ్యాటరీ వేడెక్కేకొద్దీ దానికి తక్కువ వోల్టేజి సరిపోతుంది. 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి సుమారు 24 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. మే నెలలో మూసి ఉన్న వాహనం లోపల బ్యాటరీ 45 డిగ్రీలకు చేరితే 14.4కు బదులు 13.9 వోల్టులే సరైన హద్దు అవుతుంది. ఈ సవరణ చేయని కంట్రోలర్ వేసవి అంతా బ్యాటరీలోని నీటిని మరిగిస్తున్నట్టే లెక్క. సవరణకు కావలసిన ఉష్ణోగ్రతను కొన్ని కంట్రోలర్లు తమ డబ్బాలోనే కొలుచుకుంటాయి, కొన్ని తీగ చివర ఉన్న సెన్సార్ ద్వారా బ్యాటరీ వద్దనే కొలుస్తాయి. రెండవ పద్ధతే నమ్మదగినది. కంట్రోలర్ గోడ మీద ఎండ తగిలే చోట, బ్యాటరీ నీడలో ఉన్నప్పుడు మొదటి పద్ధతి తప్పు కొలత ఇస్తుంది. కొనేటప్పుడు చాలామంది ఆంపియర్లు చూస్తారు గాని ఈ సెన్సార్ సంగతి అడగరు. మన ప్రాంతానికి సంబంధించినంతవరకు పి.డబ్ల్యు.ఎమ్.ఆ, ఎమ్.పి.పి.టి.ఆ అన్న ప్రశ్న కంటే ఇది ముఖ్యమైనది.

పాత రకాలు

బెల్ ప్రయోగశాలలో 1954లో సిలికాన్ సౌర సెల్లును ప్రదర్శించారు. తరువాత కొద్ది కాలానికే ఈ సెల్లులు ఉపగ్రహాలలో వాడుకకు వచ్చాయి. భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట్ట (1975) కూడా సౌర సెల్లులతో, నికెల్–కాడ్మియం బ్యాటరీలతో పనిచేసింది. భూమి మీద వాడిన తొలితరం కంట్రోలర్లలో షంట్ రకం ఒకటి. ఇది బ్యాటరీ నిండగానే ఫలకపు రెండు తీగలనూ ఒకదానితో ఒకటి కలిపివేస్తుంది. సౌర ఫలకం తీగలు కలిసినా కాలిపోదు కనుక ఈ పద్ధతి సాధ్యపడింది. రెండవది సీరీస్ రకం. ఇందులో బ్యాటరీ నిండగానే ఒక రిలే టక్కున శబ్దం చేస్తూ తీగను తెంచుతుంది, వోల్టేజి పడిపోగానే మళ్ళీ కలుపుతుంది. ఈ రెంటిలోను బ్యాటరీ పూర్తిగా నిండడం కష్టం.

అసలు కంట్రోలరే లేకుండా, సెల్లుల సంఖ్యను 36 నుండి 32కు, 30కి తగ్గించిన ఫలకాలు కూడా ఒకప్పుడు అమ్మేవారు. బ్యాటరీ వోల్టేజి పెరిగినప్పుడు వాటి కరెంటు దానంతట అదే తగ్గుతుందని ఆలోచన. వేడి ప్రదేశాలలో ఫలకం వోల్టేజి పడిపోవడంతో ఇవి బ్యాటరీని నింపలేకపోయాయి. సౌర పరికరాలపై వేడి ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అనే పొరపాటు అప్పటి నుండీ ఉన్నదే.

పి.డబ్ల్యు.ఎమ్. కంట్రోలర్

ఇందులో ప్రధానమైనది ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చి. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు అది పూర్తిగా మూసుకుని ఫలకాన్ని నేరుగా బ్యాటరీకి కలుపుతుంది. బ్యాటరీ నిండుతున్నప్పుడు సెకనుకు అనేక పర్యాయాలు తెరుచుకుంటూ మూసుకుంటూ, మూసి ఉండే కాలాన్ని క్రమంగా తగ్గిస్తుంది. ఆ విధంగా వోల్టేజి నిలకడగా ఉంటుంది, కరెంటు తగ్గుతుంది.

నేరుగా కలపడం వలన ఒక పర్యవసానం ఉంది. ఫలకం తన వోల్టేజిని వదులుకుని బ్యాటరీ వోల్టేజికి దిగివస్తుంది. 18 వోల్టుల వద్ద 5.55 ఆంపియర్లు ఇచ్చే 100 వాట్ల ఫలకాన్ని 13 వోల్టుల వద్ద ఉన్న బ్యాటరీకి కలిపితే కరెంటు దాదాపు అంతే, 5.55 ఆంపియర్లు. వోల్టేజి మాత్రం 13. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వాట్లు వస్తాయి కనుక బ్యాటరీకి చేరేది 72 వాట్లు. మిగిలిన 28 వాట్లు ఎక్కడా కాలిపోలేదు, అసలు ఉత్పత్తే కాలేదు.

ఈ పరికరం తేలిక, చవక. భాగాలు తక్కువ కావడంతో చెడిపోయే అవకాశమూ తక్కువ. తాను స్వయంగా వాడుకునే విద్యుత్తు చాలా స్వల్పం.

ఎమ్.పి.పి.టి. కంట్రోలర్

ఇందులో స్విచ్చితో పాటు రాగి తీగ చుట్టిన ఇండక్టర్, కెపాసిటర్లు, చిన్న కంప్యూటర్ వంటి మైక్రోకంట్రోలర్ ఉంటాయి. ఇది ఎక్కువ వోల్టేజి – తక్కువ కరెంటును, తక్కువ వోల్టేజి – ఎక్కువ కరెంటుగా మారుస్తుంది. గేర్లున్న సైకిలును దీనితో పోల్చవచ్చు. తొక్కేవాడి బలం పెరగదు, కాని ఉన్న బలం వృథా పోకుండా చక్రానికి చేరుతుంది. మార్పిడిలో సాధారణంగా 2 నుండి 6 శాతం వరకు నష్టం ఉంటుంది.

ఫలకం ఏ వోల్టేజి వద్ద గరిష్ఠ శక్తిని ఇస్తుందనేది ఎండనుబట్టీ వేడినిబట్టీ క్షణక్షణం మారుతుంది. ఆ బిందువును వెతికేందుకు ఎక్కువగా వాడే పద్ధతి చాలా సరళమైనది. కళ్ళకు గంతలు కట్టుకుని హనుమకొండలోని పద్మాక్షి గుట్ట ఎక్కుతున్న మనిషిని ఊహించండి. ఒక అడుగు వేసి, నేల పైకి ఉంటే అదే దిక్కున మరో అడుగు వేస్తాడు. కిందికి ఉంటే వెనక్కి తిరుగుతాడు. కొంతసేపటికి శిఖరం చేరి అక్కడే అటూ ఇటూ తచ్చాడుతుంటాడు. కంట్రోలర్ కూడా వోల్టేజిని కొద్దిగా మార్చి, వాట్లు పెరిగాయా తగ్గాయా అని చూసి తరువాతి అడుగు నిర్ణయించుకుంటుంది. దీనికి ఒక లోపం ఉంది. ఫలకంలో కొంత భాగం మీద చెట్టు నీడ పడినప్పుడు ఒక శిఖరానికి బదులు రెండు మూడు చిన్నా పెద్దా శిఖరాలు ఏర్పడతాయి. గంతలు కట్టుకున్న మనిషి చిన్న గుట్టనే పెద్దదని భ్రమించి అక్కడే ఆగిపోవచ్చు. మెరుగైన కంట్రోలర్లు కొన్ని నిమిషాలకొకసారి మొత్తం వోల్టేజి పరిధిని పరిశీలించి ఈ పొరపాటును సరిదిద్దుకుంటాయి. ఈ వెతికే పద్ధతులు పవర్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు తరచు ఎంచుకునే ప్రాజెక్టు అంశాలలో ఒకటి. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన వరంగల్లులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఈ విషయంలో స్నాతకోత్తర కోర్సు ఉంది.

వరంగల్లు ఎండలో తేడా

సిలికాన్ సెల్లు వేడెక్కితే దాని వోల్టేజి తగ్గుతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది నిజమే గాని, వేడి ఎక్కువైతే వాట్లు తగ్గుతాయి. ఎండ, వేడి వేరువేరు విషయాలని విద్యార్థులు గమనించాలి. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి శక్తిలో సుమారు 0.4 శాతం తగ్గుదల ఉంటుంది. ఇక్కడ డిగ్రీ అంటే గాలి ఉష్ణోగ్రత కాదు, సెల్లు ఉష్ణోగ్రత. మంచి ఎండలో సెల్లు చుట్టూ ఉన్న గాలి కంటే 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడిగా ఉంటుంది.

మే నెలలో వరంగల్లులో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు సెల్లు 65 డిగ్రీల వద్ద ఉందనుకుందాం. 40 డిగ్రీల తేడాకు 16 శాతం తగ్గి, పైన చెప్పిన 100 వాట్ల ఫలకం 84 వాట్లే ఇవ్వగలుగుతుంది. దాని వోల్టేజి 18 నుండి 15 ప్రాంతానికి పడిపోతుంది. 5 శాతం మార్పిడి నష్టం పోగా ఎమ్.పి.పి.టి. ద్వారా బ్యాటరీకి చేరేది 80 వాట్లు. పి.డబ్ల్యు.ఎమ్. ద్వారా చేరేది ఇంతకుముందు లాగే 72 వాట్లు, ఎందుకంటే అది పై వోల్టేజిని మొదటి నుండీ వాడుకోవడం లేదు. కాబట్టి ప్రయోగశాలలో 95కు 72గా, అనగా 32 శాతంగా కనిపించిన లాభం ఇక్కడ 11 శాతం అయింది. బ్యాటరీ నిండుతూ 14.4 వోల్టులకు చేరేసరికి ఆ మాత్రం కూడా మిగలదు.

చలికాలంలో సెల్లు మధ్యాహ్నం 50 డిగ్రీల వద్ద ఉంటే ఇదే లెక్కన లాభం 18 శాతం దాకా వస్తుంది. వానాకాలం మరింత ఆసక్తికరం. మబ్బుల మధ్య సెల్లు 35–40 డిగ్రీలకు మించదు. రెండు మూడు రోజులు ఎండ లేక బ్యాటరీ 12.2 వోల్టులకు దిగిపోయి ఉంటుంది. ఫలకం వోల్టేజికీ బ్యాటరీ వోల్టేజికీ మధ్య దూరం అప్పుడే ఎక్కువ. అందువలన లాభం 30 శాతానికి చేరుకుంటుంది. మబ్బు విడిచిన గంట రెండు గంటలలో వచ్చే ఆ అదనపు విద్యుత్తే రాత్రికి దీపం వెలగడానికీ వెలగకపోవడానికీ తేడా కావచ్చు.

ఏడాది మొత్తం మీద చూస్తే, ఎండ పుష్కలంగా ఉండి విద్యుత్తు మిగిలిపోయే వేసవిలో ఎమ్.పి.పి.టి. లాభం నామమాత్రం, కొరత ఉండే వానాకాలంలో గణనీయం. బ్యాటరీ ఉదయం పదకొండు గంటలకే నిండిపోయే ఇంట్లో మాత్రం ఏ కాలంలోనూ తేడా కనిపించదు. నిండిన కుండలో ఎంత పోసినా ఒకటే.

కనుక 36 సెల్లుల ఫలకాలు వాడుతూ, మొత్తం సామర్థ్యం 200 వాట్లకు లోపు ఉన్నవారు ఎమ్.పి.పి.టి.కి పెట్టే అదనపు సొమ్ముతో మరొక ఫలకం కొనుక్కోవడం మేలు. సౌర కంచెలు, ఒకటి రెండు దీపాల వ్యవస్థలకైతే పి.డబ్ల్యు.ఎమ్. నిస్సందేహంగా చాలు.

పెద్ద ఫలకాల సమస్య

పై సలహా 36 సెల్లుల ఫలకాలకు మాత్రమే. నేడు మేడల మీద విరివిగా బిగిస్తున్న పెద్ద ఫలకాలలో 60 లేక 72 సెల్లులు ఉంటాయి. సెల్లులను సగానికి కోసి 144 ముక్కలుగా అమర్చిన ఫలకాలు వోల్టేజి విషయంలో 72 సెల్లుల వాటితో సమానం. పెద్ద సంఖ్యలో తయారవుతున్నందున వీటి ధర వాటుకు చిన్న ఫలకాల కంటే తక్కువ. ఆ చవక చూసి పెద్ద ఫలకాన్ని తెచ్చి, ఇంట్లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీకి పి.డబ్ల్యు.ఎమ్. కంట్రోలర్‌తో కలపడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

37.5 వోల్టుల వద్ద 8.8 ఆంపియర్లు ఇచ్చే 330 వాట్ల ఫలకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పి.డబ్ల్యు.ఎమ్. ద్వారా 13 వోల్టుల బ్యాటరీకి చేరేది 114 వాట్లు. మిగతా రెండు వంతులకు పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే. అదే ఫలకానికి ఎమ్.పి.పి.టి. పెడితే మే నెల వేడిలో కూడా 260 వాట్లకు పైగా వస్తాయి. ఇక్కడ లాభం 11 శాతం కాదు, రెండింతలకు మించి. ఇటువంటి చోట ఎమ్.పి.పి.టి. తప్పనిసరి.

రెండు బ్యాటరీలు వరుసగా కలిపిన 24 వోల్టుల ఇన్వర్టర్ ఉన్నవారి పరిస్థితి వేరు. 72 సెల్లుల ఫలకం 24 వోల్టుల బ్యాటరీకి చక్కగా జోడు కుదురుతుంది కనుక పి.డబ్ల్యు.ఎమ్. కూడా పనిచేస్తుంది. 60 సెల్లుల ఫలకం మాత్రం కుదరదు. దాని 31 వోల్టులు వేసవిలో 26 దగ్గరకు పడిపోతాయి, 24 వోల్టుల బ్యాటరీ నిండడానికి 28.8 కావాలి. ఇటువంటి జోడింపులో దీపాలు వెలుగుతూనే ఉంటాయి గాని బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు. పైన చెప్పిన సల్ఫేషన్ నెమ్మదిగా తన పని తాను చేసుకుపోతుంది. యజమాని ఏడాదిన్నర తరువాత బ్యాటరీ కంపెనీని తిడతాడు.

విద్యుత్ కోతలు ఎక్కువగా ఉన్న రోజులలో వరంగల్లులో అనేక ఇళ్ళలో ఇన్వర్టర్లు, ట్యూబులర్ బ్యాటరీలు చేరాయి. వాటికి తరువాత సోలార్ ప్లేట్లు జోడించదలచినవారు ముందుగా చూడవలసినది ఫలకం వెనుక అతికించిన చీటీ. అందులో గరిష్ఠ శక్తి వద్ద వోల్టేజి ఎంత రాసి ఉందో చూసి, దానిలో ఆరో వంతు తీసివేస్తే వేసవి వోల్టేజి వస్తుంది. అది బ్యాటరీ నిండే వోల్టేజికి కొంచెం పైన ఉంటే పి.డబ్ల్యు.ఎమ్. చాలు. బాగా పైన ఉంటే ఎమ్.పి.పి.టి. కావాలి. కింద ఉంటే ఆ ఫలకం ఆ బ్యాటరీకి పనికిరాదు.

వాహనాలలో వాడకం

తెలుగువారికి కారవాన్ అనగానే సినిమా చిత్రీకరణలలో నటీనటులు విశ్రాంతి తీసుకునే బస్సు గుర్తుకు వస్తుంది. అందులోని ఏసీలు, దీపాలు సాధారణంగా జనరేటర్ మీద నడుస్తాయి. పాశ్చాత్య దేశాలలో కుటుంబాలు వారాల తరబడి నివసిస్తూ ప్రయాణించే వాహనాలకు పైకప్పు మీద సౌర ఫలకాలు మామూలు విషయం. మన దేశంలోను ఇటువంటి వాహనాలు ఇప్పుడిప్పుడే కనబడుతున్నాయి. అయితే వాహనంలో మకాం వేయడం మనకు కొత్త కాదు. రెండేళ్ళకొకసారి మాఘ మాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్ళి, బండి నీడలోనే వండుకు తిని, అక్కడే పడుకునేవారు. 2016 వరకు వరంగల్లు జిల్లాలో, 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్న ఆ అటవీ ప్రాంతానికి ఇప్పుడు వ్యాన్లు, ట్రాక్టర్లు, ట్రక్కులు వెళుతున్నాయి. నాలుగు రోజుల మకాంలో దీపానికి, ఫోన్లకు, చిన్న ఫ్యానుకు సరిపడే విద్యుత్తు ఒక్క ఫలకం, ఒక్క బ్యాటరీతో సమకూరుతుంది.

వాహనాలలో కొన్ని ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయి. ఇంటి మీద ఫలకాన్ని దక్షిణం వైపుకు సుమారు 18 డిగ్రీలు వాలుగా పెడతారు, ఎందుకంటే వరంగల్లు ఉత్తర అక్షాంశం 18 డిగ్రీలు. వాహనం మీద అది బల్లపరుపుగా ఉంటుంది. మే రెండవ వారం ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు కనుక వేసవిలో దీనివల్ల నష్టం లేదు. డిసెంబరు చివరి వారంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించడు, బల్లపరుపు ఫలకానికి నాలుగో వంతు తగ్గుతుంది. పైకప్పుకు ఆనుకుని బిగించిన ఫలకానికి అడుగున గాలి ఆడక సెల్లు మరింత వేడెక్కుతుంది. కనీసం రెండు మూడు అంగుళాల ఎడం వదలాలి. పైకప్పు మీద చోటు తక్కువ కాబట్టి ఇంటి విషయంలో చెప్పినట్టు మరో ఫలకం కొనుక్కోమనే సలహా ఇక్కడ కుదరదు. ఉన్న చోటులో ఎక్కువ రాబట్టాలంటే పెద్ద ఫలకం, దానితో పాటు ఎమ్.పి.పి.టి. మంచి జోడి. మరొక చిక్కు, వేసవిలో ఎవరైనా బండిని వేపచెట్టు కిందే నిలుపుతారు. మనిషికి నీడ, ఫలకానికి ఎండ కావాలంటే విడిగా నేల మీద పరచి పొడవాటి తీగతో కలిపే ఫలకం ఒక్కటే మార్గం.

పరిమాణం లెక్కించడానికి ఒక ఉదాహరణ. 25 వాట్ల ఫ్యాను 8 గంటలు, 20 వాట్ల దీపాలు 5 గంటలు, నాలుగు ఫోన్లకు కలిపి 60 వాట్–అవర్లు, చిన్న 12 వోల్టుల ఫ్రిజ్‌కు రోజుకు 500 వాట్–అవర్లు అనుకుంటే మొత్తం 860. తెలంగాణలో సగటున రోజుకు 5 గంటల పూర్తి ఎండకు సమానమైన సౌరశక్తి లభిస్తుందని తీసుకుని, వేడి, తీగలు, దుమ్ము వలన నష్టాలకు 30 శాతం మినహాయిస్తే సుమారు 245 వాట్ల ఫలకం కావాలి. ఫ్రిజ్ వద్దనుకుంటే 100 వాట్లతో సరిపోతుంది. సీసం–ఆమ్లం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కనుక 860 వాట్–అవర్లకు 150 ఆంపియర్–అవర్ల బ్యాటరీ అవసరం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే 100 సరిపోతుంది, బరువు కూడా చాలా తక్కువ. దానికి 14.2 నుండి 14.6 వోల్టుల వద్ద ఛార్జింగు ఆగాలి, ఈక్వలైజేషన్ చేయరాదు, ఉష్ణోగ్రత సవరణ అక్కరలేదు. కంట్రోలర్‌లో లిథియం అమరిక ఉందో లేదో చూసుకోకుండా బ్యాటరీ మార్చరాదు.

ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని ఈ పనులకు వాడకూడదు. అది క్షణకాలం పెద్ద కరెంటు ఇవ్వడానికి తయారైనది, లోతుగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. పైగా తెల్లవారి బండి స్టార్టు కాదు.

పేరు ఒకటి, లోపల మరొకటి

డబ్బా మీద ఎమ్.పి.పి.టి. అని ముద్రించి లోపల పి.డబ్ల్యు.ఎమ్. పెట్టిన చవక కంట్రోలర్లు విపణిలో చాలా ఉన్నాయి. వీటిని గుర్తించడానికి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే మల్టీమీటరు చాలు. బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు మంచి ఎండలో ఫలకం వైపు వోల్టేజిని, బ్యాటరీ వైపు వోల్టేజిని కొలవాలి. రెండూ దాదాపు సమానంగా, ఉదాహరణకు 13.4, 13.1గా ఉంటే అది పి.డబ్ల్యు.ఎమ్. పరికరమే. అసలైన ఎమ్.పి.పి.టి.లో ఫలకం వైపు 15–17 వోల్టులు నిలబడి, బ్యాటరీ వైపు కరెంటు ఫలకం వైపు కరెంటు కంటే ఎక్కువగా ఉంటుంది. బ్యాటరీ నిండి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. మీటరు లేనివారు చేతిలోకి తీసుకుని బరువు చూడవచ్చు. రాగి చుట్టలు, అల్యూమినియం రెక్కలు ఉన్న 20 ఆంపియర్ల ఎమ్.పి.పి.టి. అరచేతిలో తేలిపోయేంత తేలికగా ఉండదు.

బిగించేటప్పుడు

కంట్రోలర్‌కు ముందుగా బ్యాటరీని, తరువాతే ఫలకాన్ని కలపాలి. విప్పేటప్పుడు ముందు ఫలకాన్ని తీయాలి. 12 వోల్టులా 24 వోల్టులా అన్నది చాలా కంట్రోలర్లు బ్యాటరీని చూసే తెలుసుకుంటాయి. బ్యాటరీ లేకుండా ఫలకాన్ని కలిపితే కొన్ని అక్కడికక్కడే కాలిపోతాయి.

పి.డబ్ల్యు.ఎమ్. పరిమాణాన్ని ఫలకపు షార్ట్ సర్క్యూట్ కరెంటుకు పావు వంతు కలిపి ఎంచుకోవాలి. ఎమ్.పి.పి.టి.కి మొత్తం వాట్లను బ్యాటరీ వోల్టేజితో భాగించాలి. పైన చెప్పిన 330 వాట్ల ఫలకానికి 25 ఆంపియర్లు వస్తుంది కనుక 30 ఆంపియర్లది తీసుకోవాలి. దీనికి మరో హద్దు కూడా ఉంది, ఫలకం వైపు భరించగల గరిష్ఠ వోల్టేజి. 46 వోల్టుల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి ఉన్న ఫలకాలు రెండు వరుసగా కలిపితే 92 అవుతుంది. చలికాలపు తెల్లవారుజామున సెల్లు 10 డిగ్రీల వద్ద ఉంటే అది 96కు పెరుగుతుంది. 100 వోల్టుల కంట్రోలర్‌కు ఇది మరీ అంచు, 150 వోల్టులది తీసుకోవడం క్షేమం. ఈ హద్దు ఒక్కసారి దాటినా పరికరం బాగుచేయడానికి పనికిరాకుండా పోతుంది.

బ్యాటరీ ధన ధ్రువానికి వీలైనంత దగ్గరగా ఫ్యూజు ఉండాలి. కంట్రోలర్‌ను బ్యాటరీ మీద కాకుండా పక్కన, గాలి ఆడే చోట నిలువుగా బిగించాలి. ఆమ్లపు ఆవిరి దాని భాగాలను తినివేస్తుంది. వాహనంలోనైతే కుదుపులకు తీగల మరలు వదులవుతాయి. వదులైన చోట వేడి పుట్టి తీగల తొడుగు కరుగుతుంది కనుక దూర ప్రయాణానికి ముందు వాటిని ఒకసారి బిగించి చూసుకోవాలి. నీళ్ళు పోసే బ్యాటరీలో వేసవి నెలలలో పదిహేను రోజులకొకసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్ళు, కూలరులో పోసే నీళ్ళు పోయరాదు.